వైన్ షాపులో ‘ఉచితంగా రుచి’ చూపించవచ్చా?

ప్రశ్న: నలుగురం కలిసి దరఖాస్తులు వేస్తే గుంటూరులో ఒక ఏ4 షాపు, అంటే చిల్లర మద్యం షాపు, లాటరీలో వచ్చింది. లైసెన్సు మా బావగారి పేరున ఉంది. కౌంటరు నేను చూసుకుంటాను. ఈ మధ్య ఒక వైన్ కంపెనీ సేల్స్ మనిషి వచ్చి, శనివారం సాయంత్రాలు షాపు ముందు టేబుల్ వేసి, వచ్చినవాళ్లకు 30 మిల్లీలీటర్ల చొప్పున ఉచితంగా రుచి చూపిద్దామన్నాడు. సీసాలు వాళ్లే తెస్తారట. నాసిక్‌లో, బెంగళూరు దగ్గర ఇలాగే చేస్తారని, డబ్బు తీసుకోవడం లేదు కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదని చెబుతున్నాడు. బావగారు మాత్రం ఒప్పుకోవడం లేదు. షాపులో కుదరకపోతే ఇంకెక్కడైనా చట్టప్రకారం చేయవచ్చా? ఇంకొకటి, వచ్చే నెల మా చెల్లెలి రిసెప్షన్ ఫంక్షన్ హాల్లో ఉంది. షాపు మనదే కాబట్టి అక్కడి నుంచి సరుకు తీసుకెళ్లి పోయిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీ బావగారి మాట వినండి. షాపులో గానీ, షాపు ముందు గానీ ఆ టేబుల్ వేయడానికి వీల్లేదు. ఉచితమైనా సరే, 30 మిల్లీలీటర్లు కాదు 5 మిల్లీలీటర్లైనా సరే.

ఏ4 లైసెన్సు ఇచ్చే హక్కు చాలా చిన్నది. ప్రభుత్వ మద్యం డిపో నుంచి వచ్చిన సీసాను సీలు తీయకుండా, ఉన్నది ఉన్నట్టుగా, షాపు బయటికి తీసుకెళ్లి తాగేవాడికి అమ్మడం. అంతే. సీలు తీశారంటే ఆ లైసెన్సు పరిధి దాటినట్టే. గ్లాసులో పోసి ఇస్తే ఎక్సైజ్ శాఖవాళ్ల భాషలో అది ‘లూజ్’. అక్కడే తాగనిస్తే ‘సిట్టింగ్’. రెండూ లైసెన్సు షరతుల ఉల్లంఘనలే. డబ్బు తీసుకున్నారా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, సీసా ఎవరు తెరిచారు, ఎక్కడ తాగారు అన్నవే చూస్తారు. మీ సేల్స్ మనిషి ‘అమ్మకం కాదు కదా’ అన్న ఒక్క మాట పట్టుకుని వాదిస్తున్నాడు. మీకు పడబోయే కేసు అమ్మినందుకు కాదు, తాగించినందుకు.

షాపు ముందు టేబుల్ అంటే ఇంకా చెడ్డది. మీ లైసెన్సులో షాపు చౌహద్దులు రాసి ఉంటాయి, ఒకసారి తీసి చూడండి. ఆ నాలుగు గోడల బయట మీకు మద్యానికి సంబంధించి ఏ హక్కూ లేదు. మెట్ల మీద పెట్టిన టేబుల్, షెడ్డు కింద పెట్టిన టేబుల్ చట్టం దృష్టిలో రోడ్డు మీద పెట్టినట్టే. బహిరంగ ప్రదేశంలో తాగడం మీద పోలీసులు పెట్టే కేసు వేరు, ఎక్సైజ్‌వాళ్ల కేసు వేరు. ఒక్క టేబుల్‌తో రెండూ నెత్తికి తెచ్చుకున్నట్టవుతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ‘సీసాలు మేమే తెస్తాం’ అన్న మాటలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చట్టబద్ధంగా అమ్ముడుపోయే ప్రతి సీసా రాష్ట్ర బేవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే రావాలి. ఆ బ్రాండుకు, లేబులుకు ఇక్కడ అనుమతి ఉండాలి. మూత మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ లేబులు ఉండాలి. కంపెనీ మనిషి బ్యాగులో తెచ్చిన శాంపిల్ సీసా మీద అది ఉండదు. అంటే ఆ సరుకు మన రాష్ట్రానికి సుంకం కట్టనిది, అందరూ ఎన్‌డీపీఎల్ అనేది. అది నాసిక్‌లో నిజాయితీగా పన్ను కట్టి కొన్న మంచి సరుకే కావచ్చు, హైదరాబాదులో బిల్లుతో కొన్నదే కావచ్చు. జగ్గయ్యపేట దాటి ఇటు వచ్చాక మీ షాపులో దొరికితే అది అక్రమ మద్యమే. షాపులో లూజ్ పోశారన్నది షరతుల ఉల్లంఘన. షాపులో ఎన్‌డీపీఎల్ దొరకడం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్ కింద నేరం, జైలు శిక్ష ఉన్న నేరం. రెండింటికీ చాలా తేడా ఉంది. రేపు తనిఖీ జరిగితే కంపెనీ మనిషి ఇంకో ఊళ్లో ఉంటాడు, పంచనామా మీద సంతకం మీది ఉంటుంది. కాబట్టి ఆ సీసాలు కౌంటరు కింద దాచమన్నా, గోడౌన్‌లో ఒక్క రాత్రి ఉంచమన్నా ఒప్పుకోవద్దు.

నాసిక్‌లో, బెంగళూరు దగ్గర చేస్తారన్నది నిజమే. రాజ్యాంగం 7వ షెడ్యూలు రాష్ట్రాల జాబితాలో 8వ అంశం మద్యం తయారీ, నిల్వ, రవాణా, కొనుగోలు, అమ్మకాలను పూర్తిగా రాష్ట్రాలకు వదిలేసింది. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో ద్రాక్ష సారాయి పరిశ్రమ కోసం ప్రత్యేక విధానాలు తెచ్చుకున్నాయి. అక్కడి వైనరీల్లో రుచి గదులు వాటికి వచ్చిన అనుమతులతో నడుస్తున్నాయి. ఆ అనుమతి ఆ రాష్ట్రపు సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. మన దగ్గర చిల్లర షాపులో రుచి చూపించడానికంటూ విడిగా లైసెన్సు లేదు. చట్టంలో ‘వద్దు’ అని ఎక్కడా రాయలేదు కదా అన్న వాదన మిగతా వ్యాపారాల్లో పనికొస్తుందేమో గానీ మద్యంలో పనికిరాదు. మద్యం వ్యాపారం పౌరుడి ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు ఖోడే డిస్టిలరీస్ కేసులో 1994లో తేల్చి చెప్పింది. ఈ రంగంలో అంతా నిషిద్ధమే, అనుమతి పత్రంలో రాసినంత మేరకే మినహాయింపు.

మన రాష్ట్రంలో ఈ పట్టు గట్టిగా ఉండటానికి చరిత్ర కూడా ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1993లో సారా నిషేధం దాకా, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. 1997లో నిషేధం సడలించినా 1995 నాటి ప్రొహిబిషన్ చట్టం చెత్తబుట్టలోకి పోలేదు. ఇప్పటికీ శాఖ పేరులో ‘ప్రొహిబిషన్’ ముందు వస్తుంది, ‘ఎక్సైజ్’ తర్వాత వస్తుంది. షాపు నడిపేవాళ్లు ఈ చట్టాన్ని చిరాగ్గా కాక గౌరవంగా చూడాలని మా గట్టి అభిప్రాయం. ఇళ్లు కూలిపోవడం చూసిన ఆడవాళ్లు తెప్పించిన షరతులివి.

ఇక మీరు పోగొట్టుకునేదేమిటో లెక్క చూసుకోండి. 2024 అక్టోబరు 16 నుంచి 2026 సెప్టెంబరు 30 వరకు అని వచ్చిన విధానంలో దరఖాస్తుకే తిరిగి రాని 2 లక్షల రూపాయలు. 5 లక్షల జనాభా దాటిన గుంటూరు, విజయవాడ లాంటి నగరాల్లో మొదటి ఏడాది లైసెన్సు ఫీజు 85 లక్షలు. లైసెన్సుదారు చేసే ఉల్లంఘనలకు ఎక్సైజ్ చట్టం 36వ సెక్షన్ కింద కేసు, 31వ సెక్షన్ కింద లైసెన్సు సస్పెన్షన్ లేదా రద్దు. షోకాజ్ నోటీసు వస్తుంది, జవాబు చెప్పుకునే అవకాశం ఉంటుంది, కానీ షాపు మూతపడిన రోజులకు ఫీజు ఎవరూ వెనక్కి ఇవ్వరు. వారానికి పది వైన్ సీసాలు ఎక్కువ అమ్ముడుపోతాయన్న ఆశకి ఇంత పణం పెట్టాలా?

ఇందులో మీ సంగతి విడిగా చెప్పాలి. లైసెన్సు బావగారిది, కౌంటరు మీది అన్నారు. షాపులో పనిచేసే ప్రతివాడి పేరూ శాఖ ఆమోదించిన నౌకర్‌నామాలో, అంటే పనివాళ్ల అనుమతి పత్రంలో, ఉండాలి. మీ పేరు అందులో ఉందా? నలుగురు పెట్టుబడి పెట్టారు కాబట్టి నలుగురూ యజమానులే అని మీలో మీరు అనుకోవచ్చు గానీ శాఖకు తెలిసింది ఒక్క లైసెన్సుదారే. నౌకర్‌నామా లేకుండా మీరు కౌంటరులో కూర్చుంటే, షాపును లోపాయికారీగా ఇంకొకరికి అప్పగించారన్న అనుమానం మొదటి తనిఖీలోనే వస్తుంది. మీరైనా, గుమాస్తా అయినా చేసిన తప్పుకు జవాబు చెప్పాల్సింది లైసెన్సుదారే, ‘నాకు తెలియకుండా జరిగింది’ అంటే చెల్లదు. టేబుల్ మీరు వేస్తే నోటీసు బావగారికి వస్తుంది. ఆయన ఒప్పుకోకపోవడానికి అదే కారణమై ఉంటుంది. ముందు ఆ నౌకర్‌నామా సరిచేయించుకోండి, మిగతావన్నీ తర్వాత.

తెరిచిన సీసా లెక్కల్లో ఎలా దొరికిపోతుందో కూడా తెలుసుకోవాలి. డిపో నుంచి సరుకు కేసుల్లో వస్తుంది. ఫుల్ అయితే కేసుకి 12, హాఫ్ అయితే 24, క్వార్టర్ అయితే 48, 650 మిల్లీలీటర్ల బీరు 12. ఇన్వాయిస్‌లో వచ్చినవి, బిల్లులో పోయినవి, అరల్లో ఉన్నవి ఈ మూడూ తేడా లేకుండా కలవాలి. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందు చేసే పని ఒకటి రెండు బ్రాండ్లు ఎంచి సీసాలు లెక్కపెట్టడం. పగిలిన సీసా ఉంటే ఆ రోజే స్టాకు రిజిస్టరులో రాసి, మూతా మెడా ఉన్న ముక్క దాచి చూపించవచ్చు. రుచి కోసం తెరిచిన సీసాను ఏ ఖాతాలో రాస్తారు? రాస్తే ఉల్లంఘన ఒప్పుకున్నట్టు, రాయకపోతే తేడా. కొందరు దాన్ని ‘పగిలింది’ అని రాస్తారు. అది తప్పుడు రికార్డు, అసలు తప్పుకన్నా అదే ఎక్కువ హాని చేస్తుంది.

మీరు అడగలేదు గానీ తర్వాతి ఆలోచన తప్పకుండా పర్మిట్ రూమే అవుతుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాం. ఏ4 షాపులకు ఆనుకుని పర్మిట్ రూములను మన రాష్ట్రంలో 2025లో మళ్లీ అనుమతించారు, దానికి విడిగా ఫీజు కట్టాలి. అది బారు కాదు. షాపులో సీలు సీసా కొన్నవాడు తన సీసా తనే తెరుచుకుని తాగే చోటు మాత్రమే. పెగ్గు లెక్కన అమ్మడం, మీ మనుషులు పోసి ఇవ్వడం, కంపెనీవాళ్లు స్టాల్ పెట్టడం అక్కడా కుదరవు. పర్మిట్ రూమ్ ఉంటే రుచి చూపించవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి చట్టప్రకారం ఎక్కడ కుదురుతుంది? సీసా తెరిచి, కొలిచి, పోసి ఇచ్చే హక్కు ఉన్నది 2బి లైసెన్సు ఉన్న బారుకి, అలాంటి లైసెన్సు ఉన్న హోటల్‌కి. విజయవాడలో, గుంటూరులో అలాంటి చోట ఒక సాయంత్రం, లైసెన్సు ఉన్న హాల్లోనే, వాళ్ల పనివేళల్లోనే పెట్టుకోవడం అన్నిటికంటే శుభ్రమైన దారి. కంపెనీ ఆ బారుతో నేరుగా మాట్లాడుకోవాలి. రుచి చూపించే ప్రతి సీసా ఆ బారు తన లైసెన్సు మీద డిపో నుంచి ఎత్తినదై ఉండాలి. మీ షాపు నుంచి బారుకు సీసాలు ఇవ్వకూడదు. దగ్గరే కదా, డిపోలో ఆ రకం అయిపోయింది కదా అని అరువు ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. సీసా మీది హోలోగ్రామ్ ఏ లైసెన్సుకు వెళ్లిన సరుకో చెప్పేస్తుంది. అలాగే బారువాడు రుచి నచ్చినవాడికి సీలు సీసా కట్టి ఇంటికి ఇవ్వడానికి లేదు, వాళ్ల అమ్మకం అక్కడ తాగడానికే. మీరు ఆ హాల్లో కౌంటరు పెట్టడమూ కుదరదు. నచ్చినవాళ్లు మర్నాడు మీ షాపుకొచ్చి కొనుక్కోవాలి, మీకు వచ్చే లాభం అదే.

ముందు రోజు బారువాళ్లతో కూర్చుని ఇవి తేల్చుకోవాలి. 750 మిల్లీలీటర్ల సీసాకి 30 మిల్లీలీటర్ల చొప్పున లెక్కకు 25 గ్లాసులు, ఒలికిపోయేవి, అడుగున మిగిలేవి తీసేస్తే 23 దాకా వస్తాయి. 40 మందికి రకానికి 2 సీసాలు చాలు. కొలత తప్పనిసరిగా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 30 మిల్లీలీటర్ల పెగ్గు కొలతతోనే జరగాలి. చేతి అంచనాతో పోస్తే 30 అనుకున్నది తేలిగ్గా 45 అవుతుంది. తేలికవి ముందు, బరువైనవి తర్వాత: తెల్లవైన్, రోజ్ అనే గులాబీరంగు వైన్, ఎర్రవైన్, చివర తీపివి. తెల్లవైన్ 8 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో, ఎర్రది 16 నుంచి 18 డిగ్రీల్లో ఉండాలి. ఎర్రవైన్ గది వేడిమిలో ఇవ్వాలని పుస్తకాల్లో రాసేది చలిదేశాల గది గురించి, మే నెల గుంటూరు గది గురించి కాదు. ఇక్కడ ఎర్రదాన్నీ పోయడానికి ముందు ఒక అరగంట ఫ్రిజ్‌లో ఉంచాల్సిందే. ప్రతి టేబుల్ మీదా మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్లు, ఉమ్మడానికి మూత ఉన్న గిన్నె పెట్టాలి. రుచి చూసి ఉమ్మేయడం ఈ పనిలో మర్యాదేనని ముందే చెప్పాలి, లేకపోతే మనవాళ్లు మొహమాటపడి మింగేస్తారు.

ఉమ్మే గిన్నె ఎందుకంత ముఖ్యమో అంకెల్లో చూడండి. 13 శాతం వైన్ 30 మిల్లీలీటర్లలో ఆల్కహాల్ దాదాపు 3 గ్రాములు. ఆరు రకాలు మింగితే 18 గ్రాములు. మనదేశపు విస్కీ, బ్రాందీ మామూలుగా 42.8 శాతం, అంటే 30 మిల్లీలీటర్ల పెగ్గులో 10 గ్రాములు. ‘కొంచెం కొంచెం రుచి’ అనుకున్న ఆరు గ్లాసులు దాదాపు రెండు పెగ్గులతో సమానమన్నమాట. ఖాళీ కడుపుతో గంటలోపు తీసుకుంటే 70 కిలోల మనిషి రక్తంలో కూడా 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటే అవకాశం ఉంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ గీత గీసింది సరిగ్గా ఆ 30 దగ్గరే. దొరికితే మొదటిసారి 6 నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బెంజి సర్కిల్ నుంచి బైకు మీద గుంటూరు బయల్దేరేవాడికి కొంచమే తాగానన్న ధీమా ఉంటుంది, జాతీయ రహదారి మీద దానికి విలువ లేదు. అందుకే ఎంత అడిగినా ఆరు రకాలు మించవద్దు. విస్కీలాంటివైతే 15 మిల్లీలీటర్ల చొప్పున మూడు చాలు. రుచి అయ్యాక భోజనం పెట్టండి, కార్లు మాట్లాడి ఉంచండి.

టికెట్టు పెడితే బిల్లు విషయంలో జాగ్రత్త. తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దాని మీద రాష్ట్ర వ్యాట్ పడుతుంది. భోజనం మీద జీఎస్టీ పడుతుంది. రెండూ కలిపి ‘తలకు ఇంత’ అని ఒకే వరసలో రాస్తే రెండు శాఖలవాళ్లూ ఎవరికి నచ్చినట్టు వాళ్లు లెక్క కడతారు. రెండు వరసలుగా రాయించండి.

ఫ్లెక్సీల జోలికి వెళ్లవద్దు. ‘ఉచిత రుచి’ అని బోర్డు కట్టడం, కేబుల్ టీవీలో స్క్రోలింగ్ వేయించడం రెండూ ప్రమాదమే. కేబుల్ టీవీ నిబంధనలు మద్యం ప్రకటనలను నిషేధించాయి. సోడా పేరుతోనో, సీడీల పేరుతోనో అదే బ్రాండును దొడ్డిదారిన చూపించే ప్రకటనలకూ 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు అడ్డుకట్ట వేశాయి. పిలిచినవాళ్లకు ఆహ్వానం పంపడం దాకానే ఉంచుకోండి.

నిజం చెప్పాలంటే మీలాంటి షాపులో వైన్ అమ్మకం పెరగాలంటే రుచి టేబుల్ కన్నా నిల్వ బాగుచేసుకోవడం ఎక్కువ పనికొస్తుంది. షట్టరు పక్క అరలో, ట్యూబులైటు కింద, 40 డిగ్రీల వేడిలో రెండు నెలలు నిలబడిన వైన్ సీసా సీలుతోనే పాడవుతుంది. మూత దగ్గర కారిన మరక, కొంచెం పైకి వచ్చిన కార్కు, గోధుమరంగుకు తిరిగిన తెల్లవైన్ కనిపిస్తే వేడి తగిలిందని అర్థం. ఒక చిన్న కూలర్ కొని 12 నుంచి 16 డిగ్రీల్లో ఉంచండి, కార్కు ఉన్నవాటిని పడుకోబెట్టండి, డిపోకి తక్కువ ఇండెంట్ (ఆర్డరు) పెట్టి తరచుగా తెచ్చుకోండి. కొనేవాడు అడిగితే ఇది తీపిదా, వగరుదా, ఎంత శాతం అని చెప్పగలిగే మనిషి ఒకడు కౌంటరులో ఉంటే చాలు. మాటల్లో రుచి చెప్పడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

కౌంటరు మాట వచ్చింది కాబట్టి, మీరే కూర్చుంటున్నారు కాబట్టి, వయసు సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాడికి అమ్మకూడదు. చాలామంది గుమాస్తాలు డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే సరేనంటారు. లైసెన్సు, ఓటరు కార్డు రెండూ 18కే వస్తాయి. కార్డు ఉండటం కాదు, దాని మీది పుట్టిన తేదీ చూడాలి, ఈరోజు తేదీలోంచి సరిగ్గా 21 ఏళ్లు వెనక్కి లెక్కపెట్టి ఆ తేదీని కౌంటరు లోపలి వైపు పెద్దగా రాసి అంటించుకోండి. దానికి తర్వాత పుట్టినవాడికి లేదని చెప్పేయడమే. రోజూ ఆ తేదీ మార్చడం ఒక్క నిమిషం పని. గుంటూరు చుట్టుపక్కల కాలేజీలు, హాస్టళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. నలుగురు కుర్రాళ్లు వచ్చి ఒకడి కార్డు చూపించి నలుగురికీ కొంటుంటే అమ్మకండి. వాళ్లు మన పిల్లలే. నాన్న పంపించాడని వచ్చే చిన్నపిల్లాడికి సీసా ఇవ్వడం కూడా అమ్మకమే, అదీ తప్పే.

మిగతావి మీకు తెలిసే ఉంటాయి. ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకానే వేళలు. 9.59కి బిల్లు కొట్టి 10.10కి షట్టరు సందులోంచి సీసా ఇవ్వడం వేళ దాటడమే. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 మూత. ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలు, లెక్కింపు రోజున కూడా మూత. ఎమ్మార్పీ మీద ‘కూలింగ్’ పేరుతో ఐదో పదో తీసుకోవడం, బెల్టు షాపుకి సరుకు వేయడం, వీటికి మొదటిసారి 5 లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు. ఒకే మనిషి రోజూ వచ్చి చట్టం అనుమతించిన మేరకు క్వార్టర్లు కొంటున్నాడంటే అతను తాగడానికి కొనడం లేదని మీకు తెలుసు, తెలియనట్టు ఉండకండి. 2025 అక్టోబరులో ములకలచెరువు, ఇబ్రహీంపట్నం నకిలీ మద్యం బాగోతం బయటపడ్డాక సీసా మీది కోడ్‌ను యాప్‌లో స్కాన్ చేసి చూసుకునే పద్ధతి వచ్చింది. కొనేవాడు అడిగితే విసుక్కోకుండా చూపించండి. స్కాన్ కాని సీసాను అమ్మకుండా పక్కన పెట్టి, రాతపూర్వకంగా ఎక్సైజ్ స్టేషన్‌కి తెలియజేయండి.

ఇక మీ చెల్లెలి రిసెప్షన్. షాపు మీదే అయినా ఫంక్షన్ హాలు మీ షాపు కాదు. హాల్లో మద్యం ఇవ్వాలంటే ఒక్క రోజు కార్యక్రమానికి ఇచ్చే ఈపీ1 పర్మిట్ తీసుకోవాలి. షాపు లైసెన్సు దీనికి పనికిరాదు. జిల్లా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ అధికారి కార్యాలయంలో, కనీసం వారం పది రోజుల ముందే దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు పెళ్లివారి పేరున ఉండాలి. ఆధార్ కాపీ, శుభలేఖ, హాలు యజమాని ఇచ్చే అంగీకార పత్రం, తేదీ, వేళ, అంచనా అతిథుల సంఖ్య, ఫీజు కట్టిన చలానా పెట్టండి. హాలువాళ్లు ‘మేం చూసుకుంటాం’ అంటారు. నోటిమాట వద్దు, కాగితం అడగండి. పర్మిట్ లేకుండా పోయిస్తే కేసు మీ ఇంటివాళ్ల మీదా, హాలు యజమాని మీదా పడుతుంది, పెళ్లింట్లో ఆ గొడవ ఎవరికీ వద్దు.

పర్మిట్‌లో ఏ లైసెన్సు నుంచి సరుకు కొనాలో ఎలా రాశారో అలాగే కొనండి. మీ షాపు నుంచే అయితే మామూలు ఖాతాదారుకు కొట్టినట్టే బిల్లు కొట్టి, డబ్బు కట్టి, స్టాకులో తగ్గించుకోవాలి. ‘మనింటి పెళ్లే కదా, తర్వాత సర్దుదాం’ అని నాలుగు కేసులు బండిలో వేసి పంపితే, అమరావతి రోడ్డు మీద ఆపినప్పుడు అది బెల్టు షాపుకి పోతున్న సరుకులాగే కనిపిస్తుంది. బిల్లూ, పర్మిట్ కాపీ బండిలో ఒకటి, హాల్లో ఒకటి ఉండాలి. వడ్డించేవాళ్లకు 21 ఏళ్ల మాట ముందే చెప్పండి. పిల్లలు తిరిగే భోజనాల వైపు కాకుండా విడి గదిలో పెట్టించండి. పర్మిట్‌లో రాసిన వేళకి పదిహేను నిమిషాల ముందే కౌంటరు మూసేయండి, ఆ పని చేయడానికి తాగని మనిషిని ఒకర్ని నియమించుకోండి.

మిగిలిన సీలు సీసాలను తిరిగి మీ షాపు అరలో పెట్టకూడదు. బిల్లు అయిన సరుకు మళ్లీ స్టాకులోకి రాదు, పెడితే లెక్క ఎక్కువ తేలుతుంది. ఒక మనిషి ఇంట్లో ఉంచుకోవడానికి అనుమతి ఉన్న సంఖ్య దాటకుండా, బిల్లుతో సహా, కొన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లాలి. కాబట్టి మొదటే తక్కువ కొనండి. తెరిచిన సీసాలు, ఖాళీ సీసాలు ఆ రాత్రే లెక్కపెట్టి ఖాళీ చేయించండి. హాలు వెనక వదిలేసిన హోలోగ్రామ్ ఉన్న ఖాళీ ఫుల్ సీసాల కోసమే నకిలీ మద్యం చేసేవాళ్లు తిరుగుతుంటారు. లేబులు చింపి, మూతలు వంచి పారేయించండి.